పాత మెషీన్ దగ్గర

1986 జూన్, గురువారం

ఉదయం కొత్త కంప్యూటర్ గది ముందు చెప్పులు గుట్టగా పడున్నాయి. పాత గది ముందు నావి మాత్రమే.

మా కాలేజీ మార్కుల ప్రోగ్రాం కొత్త ఆపరేటింగ్ సిస్టంలో నడవలేదు. కొత్తది నేర్పిస్తే తిరగరాస్తానని మా కంప్యూటర్ విభాగం సార్‌తో మెల్లగా అన్నాను.

"రిజల్ట్స్ ఆగితే పిల్లలు నన్ను బతకనియ్యరు. నువ్వు పాతదాని కాడనే ఉండు బిడ్డా."

"ఎన్నాళ్ళు సార్?"

"అది నడిచినన్ని రోజులు."

నాతోపాటే చేరి, కొత్త గదికి మారిన రషీదా నవ్వింది. "నువ్వేమో దాన్ని ఖరాబ్ కానియ్యవాయె."

నిజమే. దుమ్ము తుడిచేదీ, ప్రింటర్ రిబ్బన్ మార్చేదీ నేనే. రేపు ఒక్కరోజు తుడవకపోతే? పిల్లల ఫలితాలు గుర్తొచ్చి సిగ్గేసింది.

కొత్త సిస్టం ట్రైనింగ్‌కు దరఖాస్తు ఇవ్వడానికి ఇవాళే ఆఖరు. నింపిన ఫారం నా సంచిలోనే ఉంది.