జావ దేనితో చేస్తారు?

పాఠశాలల ఉప తనిఖీ అధికారి గారి సముఖమునకు, అమీర్‌పేట ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు వసుమతి సమర్పించుకొను అర్జీ.

తేది: 17-8-2000

అయ్యా,

విషయం: మూడవ తరగతికి తమరు వేసిన ‘డి’ గ్రేడును, దాని మీదట మా బడిని పంజాగుట్ట బడిలో కలపవలెనన్న సిఫార్సును పునఃపరిశీలించుట గురించి.

1. “పిల్లలకు సామాన్య జ్ఞానం శూన్యం, ఎగతాళి అధికం” అని తమరు తనిఖీ నివేదికలో సెలవిచ్చియున్నారు. మొదటి మాటకు నా అభ్యంతరం గట్టిది. రెండవదానికి కొంచెం మెత్తనిది.

2. మా విద్యార్థుల వివరం: కోచింగ్ సెంటర్ల వాచ్‌మన్ల పిల్లలు, గోదావరి వైపు నుండి వచ్చిన హాస్టల్ వంటవారి పిల్లలు, యూసుఫ్‌గూడ దర్జీల పిల్లలు. ఒకే బల్ల మీద “ఏంటండి”, “గట్లనా”, “క్యా రే” కూర్చుండును. వంటవాడు హాస్టల్ మారిన మరునాడు వాడి పిల్లలు బడి మారుదురు. దానికి మేము చేయగలిగినది లేదు.

3. తమరు మూడవ తరగతిలో “జావ దేనితో చేస్తారు?” అని ప్రశ్నించితిరి. దర్జీ ఖాదర్ గారి కూతురు మెహ్రీన్ వెంటనే లేచి, “కంప్యూటర్‌తోని సార్. మా జావేద్ భాయ్ చేస్తుండు. మూడు నెలలైతది, అయినంక నౌకరీ వస్తది” అన్నది. తమరు కళ్ళజోడు తీసినారు. అప్పుడు హాస్టల్ వంటవారి అబ్బాయి తేజ సర్దిచెప్పబోయి, “రాగులతోనండి. కానీ ఇక్కడెవరూ తాగరండి, నేర్చుకుంటారండి” అన్నాడు. తమరు నివేదిక మూసివేసినారు.

4. మనవి ఏమనగా, తమరు జావ అనేది ఈ ప్రాంతంలో అంబలి. మెహ్రీన్ ఇంట్లో అది గంజి. జావా అన్న మాట ఆ పిల్లకు మా బడి ఎదుటి కంప్యూటర్ కోచింగ్ సెంటర్ బోర్డు మీదనే కనబడినది. కూడబలుక్కుని చదివిన మొదటి మాట కూడా అదే. చదువు రాలేదంటే నేనెట్లా ఒప్పుకునేది?

5. బడి కలిపినచో ఈ పసివాళ్ళు పంజాగుట్ట చౌరస్తా దాటవలెను. అది దాటడానికి నాకే గుండె చాలదు. సగం మంది చదువు మానేస్తారు.

6. ఇది అర్జీలో రాయదగినది కాదు. ఆనాటి నుండి మెహ్రీన్ తరగతిలో నోరు విప్పుట లేదు. “సార్‌కు గుస్సా వచ్చి బడి బంద్ చేస్తుండంట. నా వల్లనే గదా టీచర్?” అని నన్నడిగింది. ఆ జవాబు నేను కాదు, తమరే చెప్పాలి.

కావున తమరు మరొక్కసారి మా బడికి దయచేసి, పిల్లలను మళ్ళీ ప్రశ్నించి, పై సిఫార్సు రద్దుచేయు విషయం చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
వసుమతి

తా.క.: ఈ అర్జీ కవరులో పెట్టబోతూ, తరగతిలో మళ్ళీ అదే ప్రశ్న వేశాను. మెహ్రీన్ లేచి, “ఏ జావ టీచర్? తాగేదా, నేర్చేదా?” అంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ పిల్ల తమరినీ అదే అడుగుతుంది సార్. ఏ జావో తేల్చుకుని రండి.