ఎత్తిన చెయ్యి, కింది వాటా

బడిలో డ్రిల్లు టీచరుగా పనిచేసి రిటైరైన, పిల్లలందరూ ఈల టీచరమ్మ అని పిలిచిన, డెబ్బై నాలుగేళ్ళ వయసున్న నేను, స్వబుద్ధితో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా తదనంతరం నా స్థిరచరాస్తులు ఎవరికి ఎలా చెందాలో తెలియజేస్తూ రాయించిన ఆఖరి వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవేవీ చెల్లవు.

"స్వబుద్ధితో" అన్న మాట దగ్గర ప్లీడరు గారు ఒక్క క్షణం కలం ఆపారు. ఆయన్ని తప్పు పట్టను. ఈ కాగితం రాయడం ఇది మూడోసారి. మొదటి ప్రతిలో నా ఈలను మా అన్నయ్యకు రాశాను. అన్నయ్య పోయి తొమ్మిదేళ్ళయింది. రెండో ప్రతిలో ఇల్లు మొత్తం ఒకే పేజీలో ఇద్దరికి రాశాను. ఆ రెండూ చింపించాను. ఇందులో కూడా అయోమయం కనిపిస్తే అది వేరే రకం అయోమయం. దానికి మందు లేదు. నాలుగో క్లాజులో చెబుతాను.

1. నా జీతంతో కట్టుకున్న రెండంతస్తుల ఇల్లు పూర్తిగా నా పేరనే ఉంది. పై వాటాలో నేనూ, కింది వాటాలో అన్నయ్య భార్య అయిన మా వదినా ఉంటున్నాం. నా తదనంతరం కింది వాటాలో వదిన బతికున్నంత కాలం ఎవరికీ అద్దె ఇవ్వనక్కర లేకుండా, ఎవరి దయా అక్కర లేకుండా ఉండవలసినది. పై వాటా అన్నయ్య కూతురికి, అంటే నా మేనకోడలికి, వెంటనే చెందుతుంది. వదిన తరవాత ఇల్లంతా ఆ పిల్లకే సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. వదిన ఉండగా ఇల్లు అమ్మడానికి గానీ, తాకట్టు పెట్టడానికి గానీ, కూలగొట్టడానికి గానీ ఎవరికీ హక్కు లేదు.

ఈ క్లాజు నిలబడడం కోసమే మిగిలిందంతా రాస్తున్నాను. నాకు భర్తా పిల్లలూ లేరు కనుక, ఈ వీలునామా చెల్లకపోతే ఇల్లు వదినకూ, అన్నయ్య పిల్లలిద్దరికీ మూడు వాటాలవుతుందట. అమ్మి పంచుకుంటే వదినకు ఉండడానికి గుమ్మం కూడా మిగలదట. అన్నయ్య కొడుకు, అంటే మా మేనల్లుడు, అప్పుడే బిల్డరును తీసుకొచ్చి మెట్లు కొలిపించాడు. నేను ఆ మెట్ల మీద నిలబడి ఉండగానే, నన్ను కాస్త పక్కకు జరగమని కొలిపించాడు.

2. ఆ మేనల్లుడికి బ్యాంకులో నా పేరనున్న డబ్బంతా, నా ఇనప బీరువా, నా సైకిలు ఇస్తున్నాను. "అత్తయ్యకి మతి పోయింది, ఆవిడ రాసేదేదీ చెల్లదు" అని వాడు వీధి చివర టైలరు కొట్లో కూర్చుని అన్నాడట. పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయిన మాట నిజమే. మేనకోడల్ని పట్టుకుని మా అమ్మ పేరుతో పిలిచిన మాటా నిజమే. కాబట్టి వాడి మీద కోపం తెచ్చుకోవాలా వద్దా అన్నది కూడా నాకు తేలలేదు. వాడు చెడ్డవాడు కాడు. తొందర మనిషి. సైకిలు నేర్పేటప్పుడు కూడా పెడలు మీద కాలు పెట్టకముందే బెల్లు కొట్టేవాడు. సైకిలు అందుకే ఇస్తున్నాను. అమ్ముకోకుండా ఉంటే సంతోషిస్తాను.

3. వదినకు కింది వాటాతో పాటు నా కుట్టు మిషను, నా ఉన్ని దుప్పట్లు, డాబా మీది బట్టల తీగ ఇస్తున్నాను. తీగ కూడా ఆస్తేనా అని ప్లీడరు గారు అడిగారు. మా ఇంట్లో ఆస్తే. తొమ్మిదేళ్ళుగా వదిన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఏదైనా చెప్పాల్సి వస్తే "మీ అత్తతో చెప్పు, పైన ట్యాంకు పొంగుతోంది" అని మేనకోడలితో అంటుంది. మేనకోడలు ఇంట్లో లేనప్పుడు కూడా అదే మాట గోడతో అంటుంది. నేను గోడకు వినిపించేలా సరే అంటాను. కానీ చినుకు పడితే చాలు, మోకాళ్ళ నొప్పులతో డాబా ఎక్కి నా బట్టలు తీసి, మడతపెట్టి, నా గుమ్మం ముందు పెట్టి దిగిపోతుంది. ఇది కోపమో ప్రేమో ఇప్పటికీ నాకు బోధపడలేదు. రెండూ అయ్యుండొచ్చు.

4. ఈ క్లాజులో ఎవరికీ ఏమీ ఇవ్వడం లేదు. ఇది అనవసరమన్నారు ప్లీడరు గారు. నాకు అవసరం.

డాక్టర్ల మీద వచ్చే ఫిర్యాదులు విచారించే క్రమశిక్షణ సంఘంలో డాక్టరు కాని మనిషి ఒకరుండాలని నియమం. ఏ పుణ్యాత్ముడు చెప్పాడో గానీ నన్ను వేశారు. ఆరుగురు డాక్టర్ల మధ్య కూరలో కరివేపాకులా కూర్చునేదాన్ని. మూతలు పెట్టిన మంచినీళ్ళ గ్లాసుల వెనక నుంచి వాళ్ళు ఒకరినొకరు సార్ సార్ అనుకుంటుంటే వినేదాన్ని. ఒకరోజు మా పక్క వీధి డాక్టరు కేసే వచ్చింది. ఆయన్ని జనం హస్తవాసి డాక్టరు అంటారు. ఆయన చెయ్యి వేస్తే సగం జ్వరం అక్కడే దిగుతుందని మా అన్నయ్య నమ్మకం. నాకు తెలిసిన మనిషని నేను ముందే చెప్పాను. ఆయన తెలియనివాళ్ళు ఈ బల్ల చుట్టూ ఎవరున్నారమ్మా అని అధ్యక్షుడు నన్ను కూర్చోబెట్టారు.

ఫిర్యాదు చేసింది ఒక కలప డిపో యజమాని చిన్న కూతురు. తండ్రి నాలుగు రోజులుగా కళ్ళు తెరవకుండా పడి ఉంటే, ఆయన స్పృహలో ఉండి స్వబుద్ధితో వీలునామా రాశారని ఈ డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చారు. పెద్ద కొడుకు కాగితం తెచ్చాడు, బయట రోగులు బారులు తీరి ఉన్నారు, ఈయన తలెత్తకుండా సంతకం పెట్టేశారు. డబ్బు తీసుకోలేదు. విచారణలో అబద్ధమూ ఆడలేదు. "ఏళ్ళ తరబడి ఎరిగిన కుటుంబం. కొడుకు మాట నమ్మాను. వెళ్ళి చూడలేదు. తప్పు నాదే" అన్నారు. ఆయన బుకాయించి ఉంటే నా పని తేలికయ్యేది.

ఆ సంతకం వల్ల ఇల్లు పెద్ద కొడుక్కి దక్కి, ఆ అమ్మాయి, తండ్రికి ఒళ్ళు తుడిచి గంజి పట్టిన ఇంట్లోంచే, బట్టల సంచీతో బయటికి నడిచింది. ముగ్గురు డాక్టర్లు మందలిస్తే చాలన్నారు. వాళ్ళలో ఒకరు టీ తాగుతూ "అందరం పెట్టే సంతకాలే కదమ్మా" అని నాతో మెల్లిగా అన్నారు. మిగతా ముగ్గురు డాక్టర్ల రిజిస్టరు నుంచి రెండేళ్ళ పాటు పేరు తొలగించాలన్నారు. ఇక మిగిలింది నేను. తొలగించాలనే వైపు చెయ్యెత్తాను. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, చివర ఎత్తిన చేతికే ఎక్కువ అంటుకుంటుంది.

ఆ రెండేళ్ళలోనే అన్నయ్యకు జ్వరం పట్టుకుంది. ఆ డాక్టరు ఎవరి నాడీ చూడకూడదు. ఇంకొకరికి చూపించుకోమంటే అన్నయ్య వినలేదు. "ఆయన పేరు మళ్ళీ ఎక్కనీ, అప్పుడే చూపించుకుంటా" అని నవ్వాడు. బలవంతాన పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైంది. ఆ ఆసుపత్రి మెట్ల మీద వదిన నాతో నేరుగా అన్న ఆఖరి మాట "నువ్వు చెయ్యెత్తకుండా ఉంటే నా మనిషి ఉండేవాడు" అని.

అది నిజమో కాదో నాకు తెలియదు. ఆయన చూసినా పోయేవాడేమో. చెయ్యెత్తడం తప్పని నాకెప్పుడూ అనిపించలేదు. ఒప్పని గుండె మీద చెయ్యేసుకుని పడుకున్న రోజూ లేదు. డిపో వాళ్ళమ్మాయికి ఇల్లు తిరిగి రాలేదు, కోర్టులో నలుగుతూనే ఉంది. డాక్టరుకు పేరు పోయింది, మాకు అన్నయ్య పోయాడు. ఎవరు బాగుపడ్డారో ఎంత ఆలోచించినా అంతు చిక్కదు. మళ్ళీ ఆ గదిలో కూర్చోబెడితే ఏం చేస్తావని నన్ను నేను అడిగితే, చెయ్యి సగం దాకా లేచి ఆగిపోతుంది. అన్నయ్య అంటే నాకు ప్రాణం. అది కూడా ఇక్కడ రాసి ఉండాలి.

5. ఈ క్లాజు కొట్టివేయడమైనది. ఇందులో హస్తవాసి డాక్టరుకు నా చేతి గడియారం రాశాను. ఆయన ఇప్పుడు దీనికి సాక్షి. సాక్షి సంతకం పెట్టేవాళ్ళకు వీలునామాలో ఏమీ ఇవ్వకపోవడమే మంచిదట. కాబట్టి ఏమీ ఇవ్వడం లేదు. గడియారం ఎవరికివ్వాలో తోచడం లేదు. మేనకోడలు తీసుకోవచ్చు.

6. నా మతి స్థిమితం గురించి. డాక్టరు సర్టిఫికెట్ ఉంటే కోర్టులో గట్టిగా నిలబడుతుందని చెప్పి, "మా ఆఫీసు కింద ఫ్లోరులో ఒక డాక్టరు గారున్నారు, కాగితం పంపిస్తే సంతకం పెట్టిస్తారు, మీరు మెట్లు దిగక్కర్లేదు" అన్నారు ప్లీడరు గారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దీనికే కదా నేను ఒకాయన పేరు కొట్టేయించింది.

తిన్నగా ఆ హస్తవాసి డాక్టరు దగ్గరికే వెళ్ళాను. పేరు తిరిగి వచ్చింది గానీ జనం తిరిగి రాలేదు. జిరాక్సు షాపు పక్కన ఒక్క గదిలో కూర్చుంటున్నారు. నన్ను గుర్తుపట్టారు. తలుపు చూపిస్తారనుకున్నాను, లేదా భయపడి వెంటనే సంతకం పెట్టేస్తారనుకున్నాను. ఆయన నా మాత్రలన్నీ బల్ల మీద పరిపించి, తారీఖు అడిగి, గడియారం బొమ్మ గీయమన్నారు. అంకెలన్నీ ఒక పక్కకే పోగేశాను. "ఇవాళ మీరు స్థిమితంగా లేరు. సంతకం పెట్టను" అన్నారు. కక్ష తీర్చుకుంటున్నాడని ఆటోలో తిట్టుకుంటూ ఇంటికొచ్చాను.

తీరా చూస్తే, నిద్రమాత్రా, మూత్రం కోసం వేసుకునే మాత్రా కలిసి నా బుర్రకు మబ్బు పట్టిస్తున్నాయట. అవి రాసిన డాక్టరుతో ఆయనే మాట్లాడి మార్పించారు. నెల తిరిగాక మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఇంకా ఎక్కువసేపు చూశారు. గడియారం గుండ్రంగా వచ్చింది. అప్పుడు నేనే అడిగాను, మీరు ఆ రోజుల్లో చూసి ఉంటే మా అన్నయ్య బతికేవాడా అని. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, వందలోంచి ఏడేడు చొప్పున తీసేయమన్నారు. తప్పు లేకుండా చివరిదాకా తీసేశాను.

ఒకసారి పేరు పోయిన డాక్టరు సంతకం మనకెందుకమ్మా అని ప్లీడరు గారి బాధ. నన్ను మెప్పించాల్సిన అవసరం ఈ లోకంలో ఏమాత్రం లేని డాక్టరు ఆయనొక్కరే. ఆయన్ని నేను మంచి చేసుకున్నానని మేనల్లుడు కూడా అనలేడు.

7. నా ఈల మేనకోడలికి. ఇన్నేళ్ళూ నాకూ వదినకూ మధ్య నిలబడి, ఒకరి మాట ఒకరికి మోసి, ఒక్కటి కూడా పెంచకుండా తుంచకుండా అందించింది. ఆటలో రిఫరీ దగ్గరే ఈల ఉండాలి. ఈ వీలునామాను అమలు పరిచే బాధ్యత ప్లీడరు గారిది.

పైన రాసిందంతా నేనే చదువుకుని, సరిగా ఉందని ఒప్పుకుని, ఈ నెల పద్నాలుగో తేదీ గురువారం పగలు, సాక్షుల ఎదుట, నా ఇంటి పై వాటాలో చేవ్రాలు చేశాను.

(సంతకం) ఈల టీచరమ్మ

సాక్షులు:

ఒకటి. వీధి చివరి టైలరు. ఏ మాటా కడుపులో దాచుకోలేడు కనుక సాక్ష్యానికి పనికొస్తాడని పిలిపించాను. (సంతకం)

రెండు. హస్తవాసి డాక్టరు, తన చేత్తో రాసినది:

ఈమెను రెండుసార్లు నా గదిలోనూ, ఈ రోజు ఇక్కడా, ఎదురుగా కూర్చుని పరీక్షించాను. వీలునామా అంతా ఈమే నాకు చదివి వినిపించారు. ఏ ఆస్తి ఎవరికి, ఎందుకు ఇస్తున్నారో తెలిసే ఇస్తున్నారు. నేను చూస్తుండగా సంతకం చేశారు. ఈమె అడిగిన ఒక ప్రశ్నకు ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. ఈమె అన్నగారు జ్వరంతో మా గుమ్మం దాకా వచ్చారు. చూసే అధికారం లేదని నేను తలుపు తీయలేదు. తీసి ఉంటే బతికేవారో లేదో నాకూ తెలియదు. ఈమె మతి స్థిమితంగా ఉందని ధ్రువీకరిస్తున్నాను.

(సంతకం)