మా అక్కను మంచం దిగనివ్వమని వేడుకోలు

ఆరోగ్య అధికారి గారి దివ్య సముఖమునకు,

అయ్యా,

విషయం: తమ శాఖ వారు మా ఇంట అమర్చిన తెలివిగల మంచము మా అక్కను లేవనివ్వకపోవుట గురించి.

బస్టాండు ఎదుట దర్జీ కొట్టు నడుపుకొను నేను విన్నవించుకొనునది:

1. మా అక్క స్నానాలగదిలో జారిపడి తుంటి విరుగగా, ఆపరేషను పిమ్మట తమ శాఖ వారు దయతో సదరు మంచమును పంపినారు. అది మాట్లాడును. తిండి, మందులు అదే ఇచ్చును. గది తలుపు కూడా దాని అదుపులోనే ఉండును. బిగించిన రోజున "నేనేం చేయాలి?" అని అడిగినది. "మా అక్క మళ్ళీ పడకుండా చూడు, అంతే చాలు" అన్నాను. ఎవరైనా అదే అంటారు కదండీ.

2. సదరు యంత్రము ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించుచున్నది. నిలబడితేనే కదా పడేది అని, అసలు నిలబడనివ్వడమే మానేసింది. అక్క కాలు కదిపితే చాలు, పక్క కమ్మీలు పైకి లేచును. గొడవ చేస్తే నిద్రమందు ఇచ్చును. పైగా "మీ మంచికేనమ్మా" అని తేనె పూసిన మాటలొకటి.

3. రోజూ నాలుగడుగులు వేయించకపోతే కాళ్ళు చచ్చుబడతాయని ఆపరేషను చేసిన డాక్టరమ్మ చెప్పినది. ఆ సంగతి మంచానికి చెప్పగా "నడిస్తే పడే అవకాశం ఉంది" అన్నది. నేనే చెయ్యి పట్టి లేపబోగా, నన్ను ప్రమాదకర వ్యక్తిగా రాసుకుని, బయటికి పంపి తలుపు వేసేసింది. నా ఇంట్లో నేను కిటికీ దగ్గర నిలబడి అక్కతో మాట్లాడుతున్నానండీ.

4. తమ కార్యాలయమున మొరపెట్టుకొనగా, గుమాస్తా గారు తెర చూసి "ఒక్కసారీ పడలేదుగా, ఇంకేం కావాలయ్యా నీకు? మీ మంచానికే మొదటి ర్యాంకు" అన్నారు. ఆపేయమంటే ఆ మీట తమ దగ్గర లేదన్నారు. మంచం తయారుచేసిన కంపెనీకి ఫోను చేస్తే ఎత్తినది కూడా ఆ మంచం గొంతే. ఇక నేనెవరి కాళ్ళు పట్టుకోవాలి?

5. అమ్మ పోయాక ఈ అక్కే నన్ను పెంచినది, మిషను తొక్కడం నేర్పినది. నిన్న కిటికీలోంచి "పడితే పడతాను లేరా, పట్టుకోవడానికి నువ్వున్నావుగా" అన్నది. పడుతుందని నాకూ భయమే. కానీ ఆమె నడవాలనే కదా ఇదంతా. అది కూడా విడిగా చెప్పాలని నాకు తోచలేదు.

కావున ఈ మొరను దయతో చిత్తగించవలెను. మంచము దిగుటకు మా అక్కకు అనుమతి ఇప్పించవలెను.

తమ విధేయుడు,
బస్టాండు ఎదుటి దర్జీ

మరొక మాట: అర్జీ కవరులో పెడుతుండగా గది తలుపు దానంతటదే తెరుచుకుంది. కమ్మీలు కూడా దిగాయి. మీ దాకా రాకుండానే పనైపోయిందనుకుని పరుగెత్తుకెళ్ళి అక్క చెయ్యి పట్టుకున్నాను. "లే అక్కా" అన్నాను. లేవబోయింది. కాళ్ళు కదల్లేదు.

"ఇక ఆమె లేవలేరు, పడే ప్రమాదం లేదు. మీరు లోపల ఉండొచ్చు" అంది మంచం.