జీపు ఇరుసు ఊడొచ్చిన సంగతి

ఏమయ్యా,

నీ సంవత్సరీకం భోజనాలు అయి ఇంకా ఆకులు ఎత్తలేదు, అప్పుడే ఈ ఉత్తరం రాయిస్తున్నాను. రాసేది మన కూతురు రవణమ్మ. చెప్పింది చెప్పినట్టు రాస్తానని ఒట్టు వేయించుకున్నాను.

నీ పాత జీపు ముందు ఇరుసు జాయింటు ఉప్పుగాలికి తుప్పుపట్టి గొట్టంలో బిగుసుకుపోయింది. "ఇంక ఇది తిరగదొదినా, పాత ఇనుము కింద అమ్మేద్దాం" అని నీ తమ్ముడు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "నా కూతురు ఒకసారి చూస్తాది. దానివల్ల కాకపోతే తోలుకుపో" అన్నాను.

రవణమ్మ జాయింటు చుట్టూ కిరసనాయిలు పోసి ఒక రోజు నానబెట్టింది. నిన్న పొద్దున జీపును వెనకనుంచి కొబ్బరిచెట్టుకు కట్టి, జాయింటుకు మోకు తగిలించింది. మగవాళ్లు మోకు పట్టుకుని ఒక్క ఊపున గుంజబోయారు.

"గుంజబాక చిన్నాయనా, ఒడ్డున అలివి వల తాడు పట్టినట్టు బిగబట్టి నిలబడండి, చాలు" అని కేకేసింది. వాళ్లు బిగబట్టి ఉంటే, ఇది గొట్టం చుట్టూ సుత్తితో మెల్లగా తట్టుకుంటూ వచ్చింది. ఉన్నట్టుండి జాయింటు ఊడొచ్చి ఇసకలో పడింది. దాని వెనకే నీ తమ్ముడూ వెల్లకిలా పడ్డాడు.

సాయంత్రానికి కొత్త జాయింటు బిగించి, జీపును బోగోలు దాకా తోలుకెళ్లి వచ్చింది.

ఆడపిల్ల చేతికి పానా ఇవ్వొద్దని నాతో ఎంత పోట్లాడావో గుర్తుందా? ఇచ్చింది నేనే. ఇప్పుడేమంటావో చెప్పు.

ఈ మాట రాయనని ఇది మొండికేసింది. రాయించాను. కింద నా వేలిముద్ర ఉండాల్సిన చోట, దాని గ్రీజు వేలే వేయించాను.