నలభైమూడు ఊఁలు

అరకు,
శుక్రవారం.

అమ్మకు,

ఆల్విన్ దండాలు. ఇక్కడ నేను, అమ్మమ్మ, రెండు మేకలు దేవుని దయవల్ల బాగున్నాం. మూడో మేక సంగతి ఈస్టరు నాడే తేలిపోయింది. కూరకు మంచి పేరొచ్చింది. రాజవొమ్మంగిలో నువ్వూ, నీ హాస్టలు పిల్లలూ, మీ పెద్ద గంగాళమూ కులాసా అనుకుంటాను.

ఫోనుండగా ఉత్తరమేమిటని అడుగుతావు. ఫోన్లో అయితే నువ్వు ఏడుస్తావు, నేను జోకు వేస్తాను, సంగతి మధ్యలో పోతుంది. కాగితం మీద అయితే నువ్వు ఏడ్చినా నాకు వినపడదు.

మొన్న ఫోన్లో నువ్వు అడిగినవాటికి చదువుకున్నవాడి పద్ధతిలో వరసగా జవాబులు. అన్నం తింటున్నాను. పొద్దున్నే అమ్మమ్మ రాగి అంబలి పోస్తోంది, ఎదిరించే శక్తి నాకు లేదు. కాఫీ పండు ఈ ఏడు బాగానే దిగింది, మిరియాల తీగకే తెగులు పట్టింది.

ఇక “కాంప్లెక్సు ఎందాకా వచ్చింది, మన కొట్టు కిందనా పైనా, నేను పని మానేసి వచ్చేయనా” అన్న ప్రశ్న. మొదటి అంతస్తు అయిపోయింది, రెండోది లేస్తోంది అని రెండేళ్ళుగా చెబుతున్నాను కదా. సైటు సూపర్‌వైజరు హోదాలో ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, అంతస్తులు లేవు. మన పాత సంత స్థలం చుట్టూ నీలం రేకులున్నాయి. లోపల పెద్ద గొయ్యి, గోతిలో వాననీళ్ళు, నీళ్ళలో కప్పలు, తుప్పు పట్టిన కడ్డీల మీద కొంగలు. ముందున్న బోర్డు మీద అద్దాల మేడ, మేడలో వాటంతటవే కదిలే మెట్లు, మెట్ల మీద సంచులతో నవ్వుతున్న ఒక పట్నపావిడ. ఎండకి వెలిసిపోయి ఆవిడ పళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు. భాగస్వాములు ఒకరిమీద ఒకరు కోర్టుకెళ్ళి పని ఆపేశారు. మిగిలిన సిబ్బందిని నేనొక్కణ్ణే. రోజూ తొమ్మిదింటికి వెళ్ళి కప్పల హాజరు తీసుకుంటాను.

మొన్న మన ఊరి పెద్ద, ఫల్గుణ తాత, పసుపు కొమ్ముల మూటతో వెళ్తూ రేకుల సందులోంచి తొంగి చూశాడు.

“ఏట్రా గుంటడా, ఇక్కడ సేపలు పెంచుతారేటి?”

“షాపింగ్ మాలు కడతారు తాతా.”

“కట్టనీ. ముందు ఆ కప్పల్ని ఖాళీ సేయించు. మమ్మల్ని సేయించినట్టే.”

చివరి ప్రశ్న, డాలీ పిన్ని కాలు. చిన్న దెబ్బ అని చెప్పాను. చిన్నది కాదమ్మా. స్థలం మూసేశాక అందరూ తారురోడ్డు అంచునే కూర్చుంటున్నారు. పోయిన నెల సంతరోజు టూరిస్టుల వ్యాను వెనక్కి వస్తుంటే పిన్ని తన రాజ్‌మా బస్తాని ఇవతలికి లాగబోయింది. బస్తా దక్కింది. కుడి పాదం నలిగిపోయింది. విశాఖలో మూడు వేళ్ళు తీసేశారు. ఆసుపత్రి మంచం మీంచి నన్ను చూసి, “బేగి కట్టించరా ఆ బిల్డింగు, కాసింత నీడన కూకుంటాను” అంది. సూపర్‌వైజర్ని కదా, సరేనన్నాను.

అప్పటినుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటున్నాను.

మూడేళ్ళ కిందటి గ్రామసభ గుర్తుందా. కంపెనీ తరఫున మంగరాజు గారు వచ్చి, సంత స్థలం ఇస్తే కాంప్లెక్సులో అందరికీ తలో కొట్టు ఇస్తామని గంటసేపు మాట్లాడారు. ఆయన మాట మన భాషలో చెప్పడానికీ, తీర్మానం రాయడానికీ నన్ను పెట్టారు. నేను చెబుతుంటే మీరు నలభైమూడు మందీ మాటమాటకీ “ఊఁ” అన్నారు. నువ్వు చేటలో రాజ్‌మా ఏరుకుంటూ, తల కూడా ఎత్తకుండా అన్నావు. మనవాళ్ళు ఊఁ అంటే వింటున్నాం, చెప్పు అని. ఊరికొచ్చిన మనిషి మాట్లాడుతుంటే ఊఁ కొట్టకపోవడం అమర్యాద. ఒప్పుకోవడం వేరు. విన్న మాటని ఇంటికి తీసుకెళ్ళి, నలుగురూ అనుకుని, వచ్చే సంతకి వచ్చి జవాబు చెబుతారు. ఇది నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

మంగరాజు గారు వాచీ చూసుకుని, “ఏమంటున్నారు తమ్ముడూ?” అన్నారు.

“ఒప్పుకున్నారు సార్” అన్నాను.

ఇక్కడ పొరపాటు అని రాసి రెండు కాగితాలు చించేశాను. పొరపాటు కాదు. ఈ సూపర్‌వైజరు ఉద్యోగం గురించి ఆయన ముందురోజే నా చెవిన వేశాడు. నలభైమూడు ఊఁలని నలభైమూడు అంగీకారాలు చేసి, “సభ్యులందరూ సంతోషపూర్వకముగా” అని గుండ్రటి అక్షరాలతో రాశాను. మీరు హాజరుకని వేసిన సంతకాల కాగితాన్ని దాని కింద కుట్టారు. నీ సంతకం పదకొండోది.

ఆ పై శుక్రవారం, సంతరోజున, ఫల్గుణ తాత కొత్త పంచె కట్టుకుని జవాబు చెప్పడానికి వచ్చాడు. వద్దని. అప్పటికే రేకులు పాతేస్తున్నారు. తాత నా భుజం మీద చెయ్యేసి, “నువ్వు సరిగ్గానే సెప్పుంటావురా, ఆళ్ళే ఆగలేదు” అన్నాడు. నేను తల ఊపాను. సంత పోయిన మూడు నెలలకి నువ్వు గరిటె పట్టుకుని హాస్టలు వంటకి పోయావు. బస్సెక్కిస్తూ కూడా నీకు చెప్పలేదు.

ఇప్పుడు కోర్టు తగువు తీరి కొత్త కంపెనీ వస్తోందట. ఆ తీర్మానం నిజమో కాదో తేల్చడానికి వచ్చే నెల నాలుగున పాడేరులో విచారణ. పేరున్న ప్రతి ఒక్కరినీ పిలిచి అడుగుతారు. తీర్మానం నిలిస్తే ఆ స్థలం మనకిక లేదు. నిలవకపోతే సంతకి తిరిగిస్తారు, నా మీద కేసు పెడతారు. మంగరాజు నిన్న ఫోన్ చేశాడు. “మీ అమ్మ ఒక్కర్తీ ఒప్పుకున్నానంటే చాలు తమ్ముడూ. రాసినవాడి తల్లే చెప్పాక మిగతావాళ్ళ మాట ఎవరు నమ్ముతారు?” అన్నాడు. వాడు మనుషుల్ని బాగా చదివాడు, నాకంటే.

నువ్వు నాకోసం అబద్ధమాడతావు. టెన్త్‌లో నేను పరీక్ష ఎగ్గొట్టినప్పుడు ఫాదర్ గారి ముందు జ్వరమని నా నెత్తికి తడిగుడ్డ కట్టి మరీ ఆడావు. ఈసారి వద్దమ్మా. అందరికంటే ముందు నేనే లోపలికెళ్ళి జరిగింది జరిగినట్టు చెబుతాను. పిన్నికీ, తాతకీ రేపు చెబుతాను. పిన్ని కర్ర విసిరితే తప్పుకోను.

వార్డెనమ్మనడిగి రెండు రోజులు సెలవు పెట్టు. నర్సీపట్నం మీదుగా వస్తే మధ్యాహ్నానికి పాడేరు చేరుకుంటావు. పని మాత్రం మానకు, ఇక్కడ నీకు కొట్టేమీ లేదు. విచారణ గదిలో నా పక్కన కుర్చీ ఖాళీగా ఉంటుంది. అందులో కూర్చోకు. పిన్ని పక్కన కూర్చో.

ఇట్లు,
నువ్వు రాజ్‌మా అమ్మి డిగ్రీ చదివించిన నీ కొడుకు,
ఆల్విన్