ఎండాకాలపు తిక్క

మే 6, మంగళవారం

సైకియాట్రీ వార్డులో మొదటి రోజు. నాలుగేళ్ళు గుంటూరులో ఐసీయూ నర్సుగా చేసి, ఇప్పుడు నరసరావుపేటలో ఈ పిచ్చోళ్ళ చదువు ఏందే అని అమ్మ పొద్దున కూడా అడిగింది. ఎమ్మెస్సీలో మెంటల్ హెల్త్ తీసుకోవడం ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. ఐసీయూలో మనిషి లోపల ఏం జరుగుతోందో మానిటర్ చెబుతుంది. ఇక్కడ మనమే కనుక్కోవాలి. నాకు కావలసింది అదే. అమ్మకి ఇదంతా చెప్పకుండా బస్సెక్కాను.

మా సూపర్‌వైజర్ రేచల్ మేడమ్ నాకు ఒక పేషెంట్‌ని ఇచ్చారు. కోటేశ్వరి, ముప్ఫై ఎనిమిదేళ్ళు. రెంటచింతల దగ్గర నాపరాళ్ళ క్వారీలో పని. ఆరేళ్ళుగా బైపోలార్, లిథియం మాత్రలు వాడుతోంది. మళ్ళీ తిరగబెట్టిందని నిన్న భర్త కొండలు తీసుకొచ్చాడు. మేనియా రిలాప్స్ అని రాశారు. ఆమె మీద నేను కేర్ ప్లాన్ తయారు చెయ్యాలి.

మేనియా అంటే నిద్ర ఉండదు, మాట ఆగదు, కాలు నిలవదు. పుస్తకంలో చదివిందే తప్ప చూడలేదు. ఆత్రంగా వెళ్ళాను.

ఆమె నిద్రపోతోంది.

మే 7

ఇవాళ కూడా నిద్రే. లేపి పేరడిగితే నాలుక మడతపడింది. గ్లాసు అందిస్తే చెయ్యి వణికి నీళ్ళన్నీ చీర మీద పోసుకుంది. నడిపిస్తే తూలింది.

ఇదేం మేనియా?

డ్యూటీ డాక్టర్‌ని అడిగాను. వచ్చినప్పుడు ఇచ్చిన ఇంజెక్షన్ మత్తు, అదే పోతుందిలే అన్నాడు. కావచ్చు.

మే 8

కొండలు వార్డు బయట బెంచీ మీద కూర్చుంటే పక్కన కూర్చున్నాను. "ఎండలు ముదిరితే చాలు సిస్టరమ్మా, దీనికి తిక్క లేస్తది. మూడేళ్ళ నుంచి ఇదే వరస" అన్నాడు.

తిక్క అంటే ఏం చేస్తుంది, పాడుతుందా, తిరుగుతుందా అని అడిగాను. అట్టాంటివి మొదట్లో ఉండేవట. ఇప్పుడైతే తూలుతుంది, వాంతులు చేసుకుంటుంది, ముద్దముద్దగా మాట్లాడుతుంది. తాగొస్తోందేమో అనుకున్నాడట. "నాలుగు తగిలిచ్చా" అన్నాడు, వాన పడింది అన్నంత మామూలుగా.

నాకు ఒళ్ళు మండింది. అయినా అడగాల్సింది అడిగాను. చేతుల వణుకు ఎప్పటి నుంచి? ఇక్కడికి రాకముందు నుంచే, వారం పైనే అయిందన్నాడు.

అంటే ఇంజెక్షన్ వల్ల కాదు.

మే 9, మధ్యాహ్నం 1.30

పొద్దున కోటేశ్వరి కాస్త తెలివిగా ఉంది. క్వారీలో నీళ్ళు ఎన్నిసార్లు తాగుతావని అడిగాను. ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పింది. "తాగితే పోవాలి గదా. ఆడోళ్ళకి ఆడ చాటు ఏడుంది?"

ఆ ఎండలో, ఆ రాళ్ళ మధ్య, పొద్దుగూకే దాకా నోరు కట్టుకుని ఉంటుంది. నడుం నొప్పికి ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర రోజూ నొప్పి మాత్రలు. లిథియం సంగతి అతను అడగలేదు, ఈమె చెప్పలేదు. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో లిథియం కొనుక్కుంటారు. రక్తపరీక్ష చేయించి ఏడాది దాటింది.

చెమటతో నీళ్ళూ ఉప్పూ పోతే లిథియం బయటికి పోక రక్తంలోనే పేరుకుంటుంది. నొప్పి మాత్రలు దానికి తోడు. అప్పుడు అది మందు కాదు, విషం.

ఈ మధ్యాహ్నం నుంచి ఆమెకి లిథియం డోస్ పెంచమని రాసి ఉంది. మాత్రలు ట్రేలో పెట్టేశారు. ఆపడానికి నేనెవర్ని? స్టూడెంట్‌ని. మేడమ్‌కి ఫోన్ చేశాను. భోజనం మధ్యలో ఉన్నట్టున్నారు. మాత్ర వేశారా లేదా, అదొక్కటే అడిగారు. లేదన్నాను. వెయ్యనివ్వకు, వస్తున్నా అన్నారు.

సాయంత్రం 4

డాక్టర్ విసుక్కున్నాడు. మేడమ్ గొంతు పెంచలేదు. ఆయన ముందు నుంచి కదలనూ లేదు. మాత్రలు ఆపారు, లిథియం ఎంతుందో చూడటానికి బ్లడ్ ల్యాబ్‌కి వెళ్ళింది. నా అనుమానం తప్పయితే రేపు వార్డులో మొహం ఎత్తుకోలేను. తప్పు కాకపోతే ఆమె పరిస్థితేంటి? ఏది కోరుకోవాలో తెలియడం లేదు.

మే 10

లిథియం లెవెల్ 2.1. ఒకటి చుట్టూ ఉండాలి.

మెడికల్ వార్డుకి మార్చారు. సెలైన్ ఎక్కుతోంది. డాక్టర్ వచ్చి, షీట్‌లో పెంచమని రాసిన డోస్ కొట్టేసి వెళ్ళిపోయాడు. మేడమ్ నన్ను కేర్ ప్లాన్ మొదట్నుంచి మళ్ళీ రాయమన్నారు.

మే 12

కొండలుకి చెప్పాను. ఆమె తాగలేదు, తిక్కా కాదు, ఒంట్లో మందే ఎక్కువైంది అని. "పోయినేడు కూడా ఇదేనా?" అన్నాడు. అప్పుడు పరీక్ష చెయ్యలేదు కాబట్టి ఖాయంగా చెప్పలేను, అయ్యుండొచ్చు అన్నాను.

లేచి బయటికి పోయాడు. ఇక రాడేమో అనుకున్నాను. గంట తర్వాత చూస్తే ఆమె మంచం పక్కన కూర్చుని తువ్వాలుతో విసురుతున్నాడు.

మే 15

మాట తేటపడింది. వణుకు తగ్గింది. ఎంత బాగా మాట్లాడుతుందో ఈ మనిషి. కొండలు ఇంకా విసురుతూనే ఉన్నాడు. పైన ఫ్యాన్ తిరుగుతోంది కదా, ఆపమని చెప్పనా అని ఆమె చెవిలో అడిగాను.

"ఊరుకో సిస్టరమ్మా. ఇంకో నాలుగు రోజులు ఇసరనీ" అంది.

మే 19

డిశ్చార్జ్. లిథియం ఆపి వేరే మందు మొదలుపెట్టారు. వాళ్ళకి నా నంబర్ ఇచ్చాను. క్వారీకి మళ్ళీ పోతావా అంటే, పోక ఏం తినాల అంది. అక్కడ ఆడవాళ్ళకి ప్లాస్టిక్ పట్టా కట్టి చాటు చేస్తానని కొండలు అన్నాడు. చేస్తాడో లేదో.

జూన్ 14

కోటేశ్వరి ఫోన్. హలో అంటే పలకలేదు. ఫోన్ బయటికి పట్టుకున్నట్టుంది. రేకుల మీద వాన చప్పుడు. ఎండలు పోయాయి. నేనూ మాట్లాడకుండా విన్నాను.