బీరుకు ఏ నీళ్ళు

అప్పకు,

రంగూన్ నుంచి నీ చెల్లెలు గౌరి దణ్ణాలు పెట్టి రాస్తున్నది. బావ మోకాలు ఎలా ఉంది? పిల్లల చదువులు ఇంకా ఫోనులోనేనా? మేం బాగున్నాం, నిజంగా బాగున్నాం, బెంగ పెట్టుకోకు. ఇంటర్నెట్ ఒక పూట ఉంటే ఒక పూట ఉండదు. పక్కింటివాళ్ళు విమానం దొరికి విశాఖ వస్తుంటే ఈ ఉత్తరం వాళ్ళ చేతికి ఇస్తున్నాను.

సైన్యం గద్దెనెక్కినందుకు నిరసనగా రాత్రిళ్ళు వీధివాళ్ళతో పాటు పళ్ళాలు మోగించినందుకు మీ మరిదిని ఇన్సేన్ జైలుకు తీసుకుపోయారని చెప్పాను కదా. నవ్వనంటే ఒకటి చెబుతాను. నీ చెల్లెలు బీరు కాచింది. సైన్యంవాళ్ళ కంపెనీ బీరు ముట్టమని ఇక్కడ అందరూ ఒట్టు పెట్టుకున్నారు. హోటల్లో బీరు చేసే పని పోయాక ఆయన ఇంట్లోనే కాచి ఇరుగుపొరుగుకు పోసేవారు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ ఒక సంచి మిగిలింది. “వచ్చిన రోజు ఇంటి బీరే తాగుతాను” అని జైలు నుంచి కబురంపారు. ఆ బార్లీ మళ్ళీ దొరికే దారి లేదు. దాన్ని పాడుచేయకూడదన్నదే నా భయం.

సగం పాడుచేశాను అప్పా. ఇక్కడ బోరునీళ్ళు ఎర్రగా ఉంటాయి. మన ఊళ్ళో ఏటినీళ్ళకు చేసినట్టే, నువ్వు మూటకట్టి ఇచ్చిన చిల్లగింజ కుండలో అరగదీశాను. నీళ్ళు తేటపడ్డాయి. నా తెలివికి నేనే మురిసిపోయి వాటితోనే కాచాను. నోట్లో పోసుకుంటే తుప్పుపట్టిన మేకు నాకినట్టుంది.

“గింజ మురికి తీస్తాది గానీ ఇనుము తీస్తాదేటే? ముందు టీ కాసి సూడాల” అన్నారు అత్తగారు.

ఆవిడ పుట్టింది, పెరిగింది రంగూన్‌లోనే. ఇక్కడ పాలు లేని టీ రోజంతా తాగుతారు కాబట్టి నీళ్ళ గుణం అందులో ఇట్టే తెలుస్తుందట. బోరునీళ్ళ టీ నల్లబడింది. కుళాయినీళ్ళ టీకి ఆసుపత్రి వాసన. కొన్న నీళ్ళయితే ఉత్త చప్ప. ఇంతలో వానలు పడ్డాయి. మొదటి వానకు రేకులు కడుక్కుపోనిచ్చి, తరవాతి నీళ్ళు ఇక్కడి ట్వంటే ఊళ్ళో చేసే మట్టికుండలో పట్టాం. ఆ టీ తాగి అత్తగారు “ఇయ్యీ నీల్లంటే” అన్నారు. ఉత్త వాననీళ్ళయితే బీరు చప్పబడుతుందని, వాసన పోయేలా మరిగించిన కుళాయినీళ్ళు కొంచెం కలిపి, మిగిలిన బార్లీతో భయపడుతూనే కాచాను.

మొన్న ఆయన్ను వదిలిపెట్టారు. సగం మనిషయ్యారు. గబగబా గ్లాసులో పోసి ఇచ్చాను. నురగ నిలిచింది అప్పా, నాకెంత సంతోషమో. ఆయన వాసన చూశారు.

“ఏ నీల్లు పోసినావు?”

“వాన నీళ్ళు.”

గ్లాసు పక్కన పెట్టేశారు. “ముందు ఆ నీల్లియ్యి” అన్నారు.

కుండ దగ్గరే కూలబడిపోయారు. అత్తగారు ముంచి ఇస్తూనే ఉన్నారు, ఆయన తాగుతూనే ఉన్నారు. జైల్లో ఏ నీళ్ళు ఇచ్చారని మేం అడగలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

వచ్చేయమన్నావు. ఆయన కుదుటపడేదాకా రాలేను, కోపం చేసుకోకు. ఎవరైనా ఇటు వస్తే ఆయనకు బలానికి అంబలి కాచి పోయడానికి కాస్త చోడిపిండి పంపు. పెద్దవాళ్ళ కాళ్ళకు మా ఇద్దరి దణ్ణాలు చెప్పి, చల్లగా ఉండమని దీవించమను. బీరు అలాగే ఉంది. ఆయన ఇంకా నీళ్ళే అడుగుతున్నారు.

నీ చెల్లెలు,
గౌరి